పల్రా గ్రామ రైతు కెప్టెన్ ఉమ్రావ్ సింగ్

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు అడిగారు. ప్రతి ఏడాదీ నేను కరువు భత్యం బకాయిల మీదో, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు మీదో వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఆ సంగతులను నాకంటే బాగా తెలిసినవారికి వదిలిపెట్టి, మనవంటి పెన్షనరే అయిన ఒక రైతును గురించి వ్రాయదలచాను. ఆయన మన ప్రాంతంవాడు కాదు, మన భాషవాడు కాదు. అయినా ఆయన కథలో ఒకచోట నా కథ కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అనీ తేల్చింది. ఆ తీర్పుకు ముప్పై ఎనిమిదేళ్ల ముందు, అదే డిసెంబరులో 15, 16 తేదీలలో, బర్మా అడవుల్లో ఒక ఫిరంగి దగ్గర జరిగిన పోరాటంతో ఉమ్రావ్ సింగ్ పేరు లోకానికి తెలిసింది. తేదీలు ఇలా దగ్గర పడడం కాకతాళీయమే. కానీ జీవితమంతా తేదీలు, అంకెలు చూసి బతికిన గుమాస్తాను కదా, నా కన్ను వాటి మీదికే పోతుంది.

ఉమ్రావ్ సింగ్ 1920లో పల్రా అనే పల్లెలో పుట్టారు. అప్పట్లో అది ఉమ్మడి పంజాబులో రోహ్‌తక్ జిల్లా. 1966లో హర్యానా రాష్ట్రం ఏర్పడింది, 1997లో ఝజ్జర్ జిల్లా విడివడింది, ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మన గోదావరి జిల్లాల్లో ముర్రా గేదె అంటే తెలియని ఇల్లు లేదు. ఆ ముర్రా గేదెలకు పుట్టిల్లు ఆ రోహ్‌తక్, హిసార్ ప్రాంతమే. గోధుమ, ఆవాలు, సజ్జ పండే నేల అది. వాన మీద ఆశ పెట్టుకుని బతికే రైతుల ఇళ్లలో ఒక కొడుకు పొలంలోకి, ఒక కొడుకు పటాలంలోకి వెళ్లడం అక్కడ తరతరాలుగా ఉన్న ఆచారం. పటాలం జీతం వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అప్పులవాడు గుమ్మం దిగుతాడు. మన పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు ఉన్నది కదా, అటువంటి ఊళ్లు ఆ వైపు కోకొల్లలు.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. నవంబరులో ఈయన సైన్యంలో చేరారు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆయనను వేసింది ఫిరంగి దళంలో, అందులోనూ కొండ ఫిరంగుల బ్యాటరీలో. కొండ ఫిరంగి అంటే మామూలు ఫిరంగిలాగా చక్రాల మీద లాక్కుపోయేది కాదు. దాన్ని ఎనిమిది భాగాలుగా విప్పి కంచరగాడిదల మీద ఎక్కించుకుని, దారి లేని కొండల మీదికి తీసుకుపోయి, అక్కడ మళ్లీ బిగించి పేలుస్తారు. అలా విప్పి మోసేటప్పుడు, బిగించేటప్పుడు వాడటానికి ఒక బరువైన ఇనుప కడ్డీ ఉంటుంది. చూపుకు మన గడ్డపార లాంటిది. పాఠకులు ఈ గడ్డపారను గుర్తుంచుకోవాలి.

బర్మా యుద్ధం తెలుగువారికి పరాయిది కాదు. రంగం వెళ్లి నాలుగు రాళ్లు సంపాదించుకొద్దామని మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది ఓడలెక్కారు. జపాను వాళ్లు రంగూను మీద పడగానే ఆ జనమంతా మూటాముల్లెతో అడవుల దారిన తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ జ్ఞాపకమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆ రోజు దీపాలార్పి, పిల్లలను తీసుకుని లోపలి పల్లెలకు పరుగెత్తిన వైనం ఆమె చివరిదాకా చెబుతూనే ఉండేది. ఆ జపాను సైన్యాన్ని బర్మా కొండల్లో నిలవేసి వెనక్కి తరిమినవారిలో మన సిపాయిలే ఎక్కువ. ఆ యుద్ధకాలంలో భారత సైన్యం ఇరవై ఐదు లక్షలకు పెరిగింది. వారంతా తమంతట తాము చేరినవారే.

1944 నాటికి ఉమ్రావ్ సింగ్ హవల్దారు. ఇరవై నాలుగేళ్ల వయసు. ఒక ఫిరంగికీ, దాన్ని నడిపే జట్టుకూ ఆయనే పెద్ద. అరకాన్ ప్రాంతంలో కలదాన్ నది లోయలో పశ్చిమ ఆఫ్రికా డివిజను ముందుకు కదులుతోంది. అందులోని గోల్డ్ కోస్టు పటాలానికి, అంటే ఇప్పటి ఘనా దేశపు సిపాయిలకు, మద్దతుగా మన కొండ ఫిరంగులను ముందు వరుసలో నిలబెట్టారు. హర్యానా రైతుబిడ్డ, ఆఫ్రికా సిపాయి, ఇంగ్లీషు అధికారి, ముగ్గురూ బర్మా అడవిలో జపాను వాళ్లతో యుద్ధం చేయడం తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరి భూమి కోసం ఎవరు పోరాడారో ఆ రోజుల లెక్క ఈ రోజు ఎవరూ తేల్చలేరు.

శత్రువు ముందు గంటన్నర సేపు ఫిరంగులతో, మోర్టార్లతో ఆ స్థావరాన్ని బాదాడు. తర్వాత రెండు కంపెనీల పదాతి దళం మీదికి వచ్చింది. ఉమ్రావ్ సింగ్ జట్టు చేతి తుపాకులతోనే మొదటి దాడిని తిప్పికొట్టింది. ఆ దాడిలోనే గ్రెనేడ్లు తగిలి ఆయనకు రెండు గాయాలయ్యాయి. రెండో దాడిలో శత్రువులు అయిదు గజాల దూరానికి వచ్చేశారు. ఆయన తన ఫిరంగికి ముందుండే ఇనుప పలక మీదుగా బ్రెన్ గన్ పెట్టి కాల్చి వాళ్లను ఆపారు. మూడో దాడి, నాలుగో దాడి కూడా అలాగే ఆగాయి. అప్పటికి ఆ జట్టులో ఆయన, మరో ఇద్దరు తప్ప అందరూ చనిపోవడమో, గాయపడి పడిపోవడమో జరిగింది. పక్కనున్న రెండో ఫిరంగి శత్రువు చేతికి చిక్కింది. తూటాలు అయిపోయాయి.

ఆఖరి దాడి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. పక్కనే ఆ గడ్డపారలాంటి ఇనుప కడ్డీ ఉన్నది. ఆయన దాన్ని ఎత్తుకుని, మిగిలినవాళ్లను కేకవేసి పిలిచి, మీదికి వచ్చినవాళ్లతో చేయీచేయీ కలిపి పోరాడారు. ముగ్గురిని పడగొట్టడం చూసినవారున్నారు. తర్వాత ఆయన మీద దెబ్బల వాన కురిసింది, స్పృహ తప్పారు.

ఆరు గంటల తర్వాత మనవాళ్లు ఎదురుదాడి చేసి ఆ చోటును తిరిగి పట్టుకున్నారు. ఉమ్రావ్ సింగ్ తన ఫిరంగి పక్కనే పడి ఉన్నారు. ఒంటి మీద ఏడు పెద్ద గాయాలు. ముఖం ఆనవాలు పట్టలేనంతగా ఉన్నది. చుట్టూ పదిమంది జపాను సిపాయిల శవాలు. ఊపిరి మాత్రం ఉన్నది. ఆయన కాపాడిన ఫిరంగికి పెద్ద దెబ్బ తగలలేదు, ఆ రోజే అది మళ్లీ పేలింది. నేను ఈ వివరాలు చదివినప్పుడల్లా ఈ చివరి మాట దగ్గర ఆగుతాను. చేతికిచ్చిన సర్కారు సామాను సర్కారుకు భద్రంగా అప్పగించారు. మన భాషలో చెప్పాలంటే చార్జి సరిగా ఒప్పజెప్పారు.

1945 మే నెలాఖరులో లండన్ గెజిట్‌లో ఆయనకు విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బ్రిటిష్ సైన్యాల్లో అంతకు మించిన శౌర్య పతకం లేదు. 1911 దాకా భారతీయులకు అది ఇచ్చేవారు కాదు, ఆ యేడాది ఢిల్లీ దర్బారులో ఆ నిబంధన తీసివేశారు. 1945 అక్టోబరు 15న బకింగ్‌హామ్ రాజభవనంలో ఆరో జార్జి చక్రవర్తి స్వయంగా ఆయన రొమ్ముకు ఆ పతకం గుచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో మొత్తం ఫిరంగి దళాల్లో, తెల్లవారి దళంతో కలిపి చూసినా, హవల్దారు స్థాయివారిలో ఆ పతకం పొందింది ఆయన ఒక్కరే.

యుద్ధం ముగిశాక ఆయన సైన్యం విడిచి ఊరికి వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత మళ్లీ మన దేశ సైన్యంలో చేరి, సుబేదార్ మేజరు దాకా ఎదిగి, 1965లో విశ్రమించారు. తర్వాత గౌరవ కెప్టెన్ హోదా లభించింది. 1983లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

ఇక్కడిదాకా చెప్పినది పుస్తకాలలో దొరికేదే. నన్ను పట్టుకున్నది తర్వాతి భాగం.

రిటైరయ్యాక ఆయన పల్రాలో తన కొద్దిపాటి పొలం దున్నుకుంటూ బతికారు. రాజభవనంలో చక్రవర్తి చేతిని తాకిన మనిషి తెల్లారగట్ల లేచి గేదెలకు మేత వేసేవారు. పెద్ద మేడ కట్టలేదు. బతుకు ఇరుకుగానే సాగింది. విక్టోరియా క్రాస్ పతకాలకు విదేశాల్లో పెద్ద వెల పలుకుతుంది. వాటిని వేలంలో కొనుక్కునే ధనవంతులున్నారు. ఆయన పతకాన్ని కొనేందుకు బేరం వచ్చినా ఆయన అమ్మలేదు. ఆ రోజు తన ఫిరంగి దగ్గర చనిపోయినవారి గౌరవానికి అది మచ్చ అవుతుందని ఆయన భావన. పతకం తన ఒక్కడిదని ఆయన ఎన్నడూ అనుకోలేదన్నమాట.

ఇక పింఛను సంగతి. విక్టోరియా క్రాస్ పొందినవారికి బ్రిటిష్ ప్రభుత్వం కొంత వార్షిక భృతి ఇస్తుంది. 1959లో దాన్ని అన్ని హోదాలవారికీ సమానంగా సంవత్సరానికి 100 పౌండ్లు చేశారు. పన్నెండుతో భాగిస్తే నెలకు ఎనిమిది పౌండ్ల చిల్లర. ఆ వంద పౌండ్లు 1995 దాకా వందగానే ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు! మనకు ఆరు నెలలకోసారి రావలసిన డి.ఎ. కాస్త ఆలస్యమైతేనే సంఘం కార్యాలయానికి పరుగెడతాం. ముప్పై ఆరేళ్లపాటు ఒక్క పైసా కదలని భృతి ఎటువంటిదో మన పాఠకులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

1995 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా లండన్‌లో ఉత్సవాలు జరిగాయి. విక్టోరియా క్రాస్ వీరుడిగా ఉమ్రావ్ సింగ్ కూడా వెళ్లారు. డెబ్బై అయిదేళ్ల ముసలి రైతు, రొమ్ము మీద పతకం. ప్రముఖుల కోసం వేసిన గుడారం దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డవారు ఆయన పేరు వెతికారు. వాళ్ల దగ్గరున్న జాబితాలో పేరు లేదు. దాదాపు వెనక్కి పంపబోయారు. అదృష్టవశాత్తు ఉత్సవ నిర్వాహకుడైన ఒక సైనికాధికారి ఆ ముదురు ఎర్ర రిబ్బను, దానికి వేలాడే కంచు శిలువ చూసి అదేమిటో పోల్చుకుని లోపలికి తీసుకువెళ్లారు.

నేను పైన చెప్పిన నా కథ ఇక్కడిదే. జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని.

1976లో నేను ఒక సబ్ ట్రెజరీలో పింఛన్ల సీటులో ఉన్నాను. ఉద్యోగంలో చేరి మూడేళ్లు. బర్మా యుద్ధంలో మద్రాసు శాపర్లలో పనిచేసి వచ్చిన ఒక ముసలాయన మా దగ్గర పింఛను తీసుకునేవాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఆ సంవత్సరం కొత్త రిజిస్టరు వ్రాసినప్పుడు ఆయన ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. పాత కాగితానికి, కొత్త జాబితాకు పేరు కలవలేదు. తప్పు మాదే. కానీ పైనుంచి ఉత్తరం వస్తేగాని చెల్లించడానికి వీలులేదని నేను చెప్పాను. నియమం కూడా అదే. ఆయన అయిదు నెలలు తిరిగాడు. మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. నన్ను బాబూ అని పిలిచేవాడు. నేను తలెత్తకుండానే వచ్చే నెల రమ్మనేవాణ్ని. ఆయన అయిదేళ్లుగా మా కౌంటరుకు వస్తున్న మనిషనీ, మా ఆఫీసు బంట్రోతు దగ్గర్నుంచి అందరికీ ఆయన తెలుసుననీ నాకు తెలుసు. పై ఆఫీసుకు గుర్తుచేస్తూ ఒక్క కాగితం పంపితే సరిపోయేది. ఆ కాగితం నేను నాలుగో నెల దాకా పంపలేదు. ఎందుకు పంపలేదో ఇప్పుడు చెప్పమన్నా నా దగ్గర జవాబు లేదు. బద్ధకం అనుకోండి, కుర్చీ గర్వం అనుకోండి.

చివరకు ఉత్తరం వచ్చి బకాయిలన్నీ ఒకేసారి చెల్లించాను. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని, ఈ సొమ్ము సంక్రాంతికి ముందే వచ్చి ఉంటే పాడిగేదెను అమ్ముకోవలసి వచ్చేది కాదని అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేసి 2008లో రిటైరయ్యాను. ఎవరి పింఛను కాగితం నా బల్ల మీదికి వచ్చినా ఆ గేదె గుర్తుకు వచ్చేది. ఆ రోజుల్లో నా చేతుల మీదుగా పింఛను త్వరగా తెమిలిందని ఇప్పటికీ నన్ను మెచ్చుకునే మిత్రులు ఈ సంఘంలో ఉన్నారు. దానికి కారణం ఇదీ.

మళ్లీ లండన్‌కు వద్దాం. గుడారం గుమ్మంలో అవమానం ఎదురైతే మనలో చాలామంది ఏం చేస్తాం? అలిగి వెనుదిరుగుతాం, లేదా లోపలికి వెళ్లగలిగామన్న సంతోషంలో ఒక మూల కూర్చుంటాం. ఉమ్రావ్ సింగ్ ఆ రెండూ చేయలేదు. బ్రిటన్ ప్రధానమంత్రి జాన్ మేజర్‌ను కలిసే అవకాశం రాగానే ఆయన భృతి సంగతి ఎత్తారు. ఏళ్ల తరబడి పెరగని ఆ మొత్తం ఎంత చిన్నదో చెప్పారు. తన గుమ్మంలో జరిగిన దాని గురించి కాదు, భృతి గురించి. తన ఒక్కడి భృతి గురించీ కాదు.

ఆ యేడాదే బ్రిటిష్ ప్రభుత్వం విక్టోరియా క్రాస్ వీరులందరికీ వార్షిక భృతిని 100 నుంచి 1,300 పౌండ్లకు పెంచింది. పదమూడు రెట్లు. అంతకుముందు ఇంగ్లాండులోనే ఎంతమంది పెద్దలు ఎన్ని అర్జీలు పెట్టారో, ఆయన మాట ఒక్కటే పనిచేసిందని నేను అనను. ఆఫీసుల్లో ఏ ఫైలూ ఒక్కరి మాటతో కదలదు, మనకు తెలుసు. కానీ అడగవలసిన చోట, అడగవలసిన మనిషిని, ముఖం మీద అడిగినవాళ్లలో ఆయన ఒకరు. ఆ పెంపు తెల్లవారికీ వచ్చింది, నేపాలీ గూర్ఖాలకూ వచ్చింది. 2015లో ఆ భృతి 10,000 పౌండ్లయింది. అప్పటికి ఆయన లేరు.

ఆయన అడిగిన తీరు గురించి నేను చాలా ఆలోచించాను. ఆయన రైతు. రైతుకు కొలత తెలుసు. ధాన్యం కాటా వేసేటప్పుడు తూకం తగ్గితే రైతు ఏడవడు, బతిమాలడు, కాటా సరిచేయమంటాడు. మన సంఘంలో కొందరు పెద్దలు ఇప్పటికీ అర్జీ పెట్టాలంటే నామోషీ పడతారు. చివరి రోజుల్లో మనకెందుకు ఈ గొడవ అంటారు. ఉమ్రావ్ సింగ్‌గారికి అప్పుడు డెబ్బై అయిదేళ్లు.

లండన్‌లో రాజభవనానికి దగ్గరలో, 2002 నవంబరులో, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోరాడిన భారత ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ సిపాయిల జ్ఞాపకార్థం ద్వారాలు కట్టి రాణిగారు ప్రారంభించారు. అక్కడున్న చిన్న మండపం కప్పు లోపలి వైపు విక్టోరియా క్రాస్, జార్జ్ క్రాస్ పొందినవారి పేర్లు చెక్కారు. మా మనవడు అక్కడ చదువుకునేటప్పుడు నా మాట మీద వెళ్లి ఫోటో తీసి పంపాడు. తల పైకెత్తి చదవాలిట, మెడ నొప్పెట్టిందన్నాడు. ఫోటోలో పేర్ల వరుసను భూతద్దం పెట్టి చూశాను. మొదట నేను వెతికినది ఆయన పేరే.

2005 నాటికి ప్రాణాలతో ఉన్న విక్టోరియా క్రాస్ వీరుల్లో భారతీయుడంటూ మిగిలింది ఆయన ఒక్కరే. క్యాన్సరు వ్యాధితో ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో చేరి, ఆ యేడాది నవంబరు 21న కన్నుమూశారు. ఎనభై అయిదేళ్లు నిండు జీవితం. పల్రాలోనే పూర్తి సైనిక లాంఛనాలతో దహనం చేశారు. సైన్యాధిపతి జనరల్ జె.జె. సింగ్, హర్యానా ముఖ్యమంత్రి హుడా వచ్చారు. పతకం ఇంట్లోనే ఉన్నది.

నేను ఆ వార్త ఆఫీసులో చదివాను. నవంబరు నెల, బతికి ఉన్నామని ధ్రువపత్రాలు ఇచ్చేందుకు పెన్షనర్లు వరండాలో బారులు తీరి ఉన్నారు. పేపరు మడిచి పక్కన పెట్టి, వరుసలో ముందున్న పెద్దాయనకు కుర్చీ వేయించాను. పల్రాకు దగ్గరలో ఏదో ఒక ఆఫీసులో ఆ వారమే ఒక గుమాస్తా ఉమ్రావ్ సింగ్ పింఛను కాగితం బయటికి తీసి, ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, కింద తేదీ వేసి, సంతకం చేసి ఉంటాడు.